పదకొండో విమానం

ఆయన పోయాడన్న ఫ్యాక్స్ కాగితాన్ని దుఖాన్ సైట్ ఆఫీసు నోటీసు బోర్డు మీద, ఈద్ సెలవుల సర్క్యులర్ పక్కన పిన్ను గుచ్చి పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు వెంటనే దుఃఖం రాలేదు. ముందు కాగితం పైనున్న నంబరు జర్మనీదేనా కాదా అని చూశాను. నా బుద్ధి అలాంటిది. పదమూడేళ్ళుగా సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ని, అనుమానించడానికే నాకు జీతమిస్తారు. నిచ్చెన కనబడితే ఏ మెట్టు విరుగుతుందా అని చూస్తాను, మనిషి కనబడితే ఏం దాస్తున్నాడా అని చూస్తాను. ఈ ఎడారిలో నేను అందరికంటే ఎక్కువగా అనుమానించింది ఆయన్నే.

ఆయన పేరు రాయను. సైట్లో పనిచేసే మన నిజామాబాదు, కరీంనగర్ వాళ్ళకి ఆ పేరు నోరు తిరిగేది కాదు, ‘జర్మన్ తాత’ అనేవాళ్ళు. కన్సల్టెంటు కంపెనీ తరఫున క్రేన్లు పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం ఆయన పని. డెబ్బై దాటిన మనిషి. యుద్ధంలో హిట్లర్ సైన్యానికి ఫైటర్ విమానం నడిపాడని చెప్పుకునేవారు. అలాంటివాడికి ఈ వయసులో, ఈ ఎండలో, క్రేన్లు ఎక్కి దిగే ఉద్యోగం ఎందుకు? పెన్షను లేదా? ఇల్లు లేదా? లేక ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లడం లేదా? దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో, మా ఫ్లాటు పై అంతస్తులోనే ఉండేవాడు కాబట్టి ఈ ప్రశ్నలు నన్ను ఇంట్లో కూడా వదిలేవి కావు.

ఆయన ఎప్పుడూ ఎండ వైపు నుంచే వచ్చేవాడు. దూరం నుంచి మొహం కనబడేది కాదు, కళ్ళు చికిలించుకుని చూస్తే సూర్యుడి ముందు ఒక నల్లటి ఆకారం నడిచి వస్తూ ఉండేది. ఒకసారి కనిపెట్టాను, నాలుగడుగులు చుట్టు తిరిగి మరీ ఎండను వెనకేసుకుని వస్తున్నాడు. ఎందుకలా అని మొహమాటం లేకుండా అడిగేశాను.

“అలవాటు. ఎండలోంచి వచ్చినవాడు బతికేవాడు, ఎండకేసి చూసినవాడు పోయేవాడు,” అన్నాడు.

క్రేను కొన చూడాల్సి వస్తే ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, బొటనవేలితో సూర్యుణ్ణి మూసేసి, ఆ వేలి చుట్టూ వెతికేవాడు. మనవాళ్ళకి అదో పెద్ద వేడుక. “తాత అచ్చిండు, తాత అచ్చిండు!” అంటూ దూరం నుంచే బొటనవేళ్ళు ఎత్తేవాళ్ళు. ఆయనా నవ్వకుండా ఎత్తేవాడు. ఈ వేషం అందరికంటే బాగా కట్టేది ఎల్లయ్య. క్రేను ఎత్తే బరువులకి ఇనుప తాళ్ళు తగిలించడం అతని పని. సిరిసిల్ల పక్క పల్లెటూరు, నవ్వితే పళ్ళన్నీ కనబడే మనిషి.

జర్మన్ తాత రోజూ పొద్దున్నే దోహా నుంచి దుఖాన్‌కి నా పికప్‌లోనే వచ్చేవాడు. రోడ్డుకి రెండు వైపులా ఇసుక తప్ప ఏమీ ఉండదు. అయినా ఊరికే మెడ తిప్పి వెనక్కి చూసేవాడు, ఎడమ భుజం మీంచి ఒకసారి, కుడి భుజం మీంచి ఒకసారి. నాకు ఒళ్ళు మండేది. ఎవరైనా వెంబడిస్తున్నారా అని అడిగాను.

“యాభై ఏళ్ళ నుంచి ఎవరూ లేరు,” అని మళ్ళీ తిరిగి చూశాడు.

ఆయనకి ఒక ఊతపదం ఉండేది. ఎవరేం చెప్పినా, “చూశావా? అనుకున్నావా?” అని అడిగేవాడు. క్రేను ఆపరేటరు బ్రేకు బాగుందంటే అదే ప్రశ్న. నేను గాలి ఎక్కువగా ఉందంటే అదే ప్రశ్న. క్రేను తాడు మీద జేబురుమాలు పెట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగేవాడు. లోపల తెగిన తీగ ఎక్కడైనా ఉంటే రుమాలు అక్కడ పట్టుకుని చిరుగుతుంది. ఆయన రుమాళ్ళన్నీ చిరుగులే. గంటలో అయ్యే పనికి ఒక పూట పట్టేది. కంపెనీకి పని చూపించుకోవడానికి ఇదంతా నాటకమని నా గట్టి నమ్మకం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. పిలిచింది మా ఆవిడే. తీరా ఆయన వచ్చి కూర్చున్నాక వంటింట్లోకి నన్ను లాగి, “ఏవండీ, ఎంతమందిని చంపాడో అడగండి. అన్నం పెడుతున్నప్పుడు తెలుసుకోవాలి కదా,” అంది. అలా ఎలా అడుగుతాం? ఇంగ్లిషులో మర్యాదగా మార్చి, “మా ఆవిడ మీరు ఎలాంటి విమానాలు నడిపారని అడుగుతోంది,” అన్నాను.

ఆయన ఆవిడ మొహం చూసి, “ఆమె అడిగింది అది కాదు,” అన్నాడు. తర్వాత పప్పన్నం కలుపుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. పందొమ్మిదేళ్ళకి విమానం ఎక్కాడు. ఆఫ్రికా ఎడారిలో ఎగిరాడు. ఆ విమానం చక్రాలు మరీ దగ్గరదగ్గరగా ఉండేవట, దిగేటప్పుడే పల్టీ కొట్టేదట, శత్రువు ముఖం చూడకుండానే నేల మీద చచ్చిపోయినవాళ్ళు బోలెడుమందట. తను కూల్చినవి పది. మనుషులు కనబడేవారు కాదు, విమానాలే కనబడేవి. “ఒక్కసారి మాత్రం అవతలి పైలట్ అద్దంలోంచి తల తిప్పి నావైపు చూశాడు. నా వయసే,” అని ఆగిపోయాడు. ఆ కథ తర్వాత చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ అక్కడే ఆగేవాడు.

“హిట్లర్‌ని చూశారా?” అన్నాను.

“చూడలేదు. నమ్మాను,” అని ఆవకాయ ఇంకొంచెం వేయమన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ గిన్నెలు సర్దుతూ, “పాపం, ఒంటరి మనిషండీ,” అంది. ఆడవాళ్ళ మనసు అంతే, ఆవకాయ మెచ్చుకుంటే చాలు. నాకు మాత్రం అనుమానం ఇంకా పెరిగింది. అంతకు ముందు వారమే ఏదో రిజిస్టరు ఇవ్వడానికి ఆయన గదికి వెళ్ళినప్పుడు, బల్ల మీద ఆయన పాత ఫ్లైటు పుస్తకం తెరిచి ఉంది. కూల్చిన విమానాల వరసలు లెక్కపెట్టాను. పదకొండు. చివరి వరస మీద పెన్సిలుతో ఒక గీత. పదకొండు ఉన్నవాడు పది అని ఎందుకు చెబుతాడు? గొప్పలు పోయేవాడు ఎవడైనా పెంచుతాడు. తగ్గించేవాడు అంతకంటే ప్రమాదకరమైన మనిషి. ఆ పదకొండోది ఏమై ఉంటుంది? ఆసుపత్రి విమానమా? సొంత వాళ్ళదా? రాత్రి పడుకుని ఇదే ఆలోచించేవాణ్ణి, మా ఆవిడ విసుక్కునేది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా తప్పించుకుందామని ఇంతసేపూ ఆయన గురించే రాశాను.

సైట్లో బరువులెత్తే ఇనుప తాళ్ళని స్లింగులంటాం. మూడు నెలలకోసారి ఒక్కొక్క స్లింగునీ పరీక్షించి, బాగున్నదానికి ఆ మూడు నెలల రంగు పూయాలి. అప్పటి రంగు ఆకుపచ్చ. ఆ రంగు ఉంటే మనవాళ్ళు కళ్ళు మూసుకుని వాడతారు, ఎందుకంటే రంగు పూసేది నేను. జులై నెల, ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. ముప్ఫై దాకా పరీక్షించాను. మిగిలినవి చూడటానికి బాగానే ఉన్నాయి. అనుకున్నాను. డబ్బాలో బ్రష్షు ముంచి వరసగా ఆకుపచ్చ పూసేసి ఏసీ గదిలోకి వెళ్ళిపోయాను.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున పైపుల కట్ట గాలిలో ఉండగా స్లింగు తెగింది. ఎల్లయ్య హద్దు గీతకి బయట, కట్ట ఊగకుండా పట్టుకునే తాడు చేత్తో పట్టుకుని, ఉండాల్సిన చోటే నిలబడి ఉన్నాడు. నేను అతని వైపే చూస్తున్నాను. పైపుల కట్ట ఒక పక్కకి ఊగి, దొర్లి, గీత దాటి వచ్చి అతని కుడికాలి మీద పడింది. జర్మన్ తాత అప్పుడు ఇవతల, బొటనవేలు ఎత్తి క్రేను కొనకేసి చూస్తున్నాడు.

సాయంత్రానికి ఆ తెగిన స్లింగు కనబడలేదు. తుక్కు లారీలో వెళ్ళిపోయింది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి ఒక రిపోర్టు ముందు పెట్టాడు. గాయపడిన మనిషి బరువు కింద నిలబడ్డాడు, తప్పు అతనిదే అని ఉంది. కింద రెండు సంతకాలకి చోటు, ఒకటి నాది, ఒకటి కన్సల్టెంటుది. తప్పు ఎల్లయ్యదైతే నష్టపరిహారం లేదు, వీసా కొట్టేసి ఇంటికి పంపుతారు. మేనేజరు గొంతు పెంచలేదు. “ఆ స్లింగు మీద ఉన్నది నీ రంగే. స్కూల్లో పిల్లలు చదువుకుంటున్నారు కదా, ఆలోచించుకో,” అన్నాడు.

మర్నాడు పికప్‌లో జర్మన్ తాతని పట్టుకున్నాను. “ఎల్లయ్య గీత బయటే ఉన్నాడని మీరు రాయండి. మీరు పెద్దవారు, జర్మన్లు, మిమ్మల్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఆ కుటుంబం బతుకుతుంది,” అన్నాను. బతిమాలాను.

“నేను చూడలేదు.”

“నిజమే చెబుతున్నాను, బయటే ఉన్నాడు!”

“నువ్వు చూశావా?”

“మీరు సంతకం పెడితే చాలు కదా!”

“స్లింగు ఏది?”

“నాకు తెలియదు,” అన్నాను. లారీలోకి ఎక్కిస్తుంటే చూసింది నేనే.

కోపం ఆపుకోలేకపోయాను. “విమానాలు కూల్చినప్పుడు లేని నీతి ఇప్పుడొచ్చిందా? మీ పుస్తకంలో పదకొండు ఉన్నాయి, ఊరందరికీ పది అని చెబుతున్నారు. నాకు తెలియదనుకున్నారా?” అన్నాను. అలాంటి మాట పెద్దవాణ్ణి అనకూడదు. అన్నాను.

ఆయన అప్పుడు వెనక్కి తిరిగి చూడటం మానేసి నావైపు తిరిగాడు. యుద్ధంలో కూల్చానని చెబితే సరిపోదట. పెద్ద ఫారం నింపాలి, అందులో సాక్షి సంతకం కావాలి. జంటగా ఎగిరేవాళ్ళు కాబట్టి ఒకరికొకరు సాక్షి. ఒకరోజు వాళ్ళ నాయకుడు దిగగానే ఒకటి కూల్చానన్నాడు. ఈయన చూడలేదు, మబ్బు అడ్డం ఉంది. నాయకుడు ఫారం ముందు పెట్టాడు. ఇరవై రెండేళ్ళ వయసు, సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా నాయకుడు ఆ బాకీ తీర్చాడు. ఈయన కాల్చిన ఒక విమానం పొగ కూడా లేకుండా మబ్బులోకి వెళ్ళిపోతే, అది పడిపోయిందని సాక్షి సంతకం పెట్టాడు. అదీ పదకొండోది. అలాంటి సంతకాలతోనే నాయకుడికి పతకం వచ్చింది, పెద్ద పదవి వచ్చింది, కొత్తగా వచ్చిన నలుగురు పైలట్లని అతని చేతిలో పెట్టారు. అతనికి ఆ పని రాదని తెలిసినవాడు ఈయన ఒక్కడే. మొదటిరోజే నలుగురినీ తీసుకువెళ్ళాడు. నాయకుడొక్కడే తిరిగొచ్చాడు.

“యుద్ధం అయ్యాక ఆ పదకొండోది కొట్టేయమని పాత పైలట్ల సంఘానికి ఉత్తరం రాశాను. పడిందనడానికి సాక్షి సంతకం ఉంది, పడలేదనడానికి మీ దగ్గర సాక్షి ఉన్నాడా అని జవాబు వచ్చింది,” అన్నాడు. “నువ్వు చూశావు, ఇన్‌స్పెక్టర్. నువ్వు రాయి.”

మిగతా దారంతా నన్ను ఇరికించడానికే కథ కల్పించాడని అనుకున్నాను, చేతకాని కోపం అలాగే ఉంటుంది.

ఆ రోజు మేనేజరు రిపోర్టు మీద ఆయన తన గళ్ళో ‘నేను చూడలేదు’ అని మాత్రం రాసి సంతకం పెట్టాడు. నేను నా గళ్ళో, ఆ అబద్ధం కింద, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఆయన తిన్నగా స్టోరులోకి వెళ్ళి, మిగిలిన స్లింగులన్నిటినీ రుమాలుతో లాగి చూశాడు. ఆరు పనికిరానివి తేలాయి. వాటిని తెచ్చి నా గది గుమ్మం ముందు వరసగా పరిచాడు, ఆరింటికీ ఆకుపచ్చ రంగు తళతళలాడుతోంది. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన రిపోర్టులో ఆరూ పారేయాలని ఉంది గాని రంగు ఎవరు పూశారో లేదు. పూస్తుంటే ఆయన చూడలేదు కదా, అందుకే రాయలేదు.

దోహా ఆసుపత్రిలో ఎల్లయ్యని చూడటానికి వెళ్ళాను. పాదం తీసేశారు. మంచం మీద లేచి కూర్చుని, “నన్ను ఇంటికి తోలుతున్నరంట గద సార్? జర్మన్ తాత ఆడ్నే ఉండె, ఆయన ఏం రాసిండు సార్?” అని అడిగాడు.

“చూడలేదని రాశాడు, ఎల్లయ్యా,” అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఎల్లయ్య నా మొహంలోకి చాలాసేపు చూశాడు. “అయితే తాతనే ముంచిండన్నట్టు,” అన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. తెచ్చిన యాపిల్ పండ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

వారంలో ఈ మాట క్యాంపంతా పాకింది. ఆయన సైట్లోకి వస్తే బొటనవేళ్ళు లేవడం ఆగిపోయింది. ఆయన అలవాటు కొద్దీ ఎత్తేవాడు, అందరూ తలలు తిప్పుకునేవాళ్ళు. “నా మీద వీళ్ళకి ఎందుకు కోపం?” అని ఒకరోజు నన్నే అడిగాడు. తెలియదన్నాను. ఆయన కంపెనీ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయే దాకా మూడు నెలలు, రోజూ పొద్దున ఒకే పికప్‌లో పక్కపక్కనే కూర్చుని వెళ్ళాం. మా ఆవిడ కట్టిచ్చిన పెసరట్లు సగం ఆయనకి పెట్టేవాణ్ణి. తినేవాడు. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే తిట్టుకోవడానికైనా ఏదో దొరికేది నాకు.

అదంతా జరిగి మూడేళ్ళు. మొన్న ఫ్యాక్స్ చూశాక మధ్యాహ్నం మెస్సులో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర పాతవాళ్ళు నలుగురు తింటున్నారు.

“జర్మన్ తాత సచ్చిపోయిండట.”

“పోతే పోనియ్‌రా. ఎల్లన్న పొట్ట గొట్టినోడు, వాడు సస్తే మనకేంది?”

అందరూ తలలూపి మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టారు. నేను లేచి నిలబడి, “ఆయన కాదు, నేను. ఎల్లయ్య గీత బయట ఉన్నాడని చూసింది నేను, లోపల ఉన్నాడని సంతకం పెట్టింది నేను, ఆ స్లింగుకి చూడకుండా రంగు పూసింది కూడా నేనే,” అన్నాను. సిగ్గేసింది. వాళ్ళలో ఒకడు, “ఊకోండ్రి సార్, ఇప్పుడెందుకు గిదంతా,” అని నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.

ఆ సాయంత్రమే జరిగిందంతా తెల్లకాగితం మీద రాసి, ఒక కాపీ కన్సల్టెంటు ఆఫీసులో, ఒక కాపీ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఉద్యోగం ఉంటుందని నమ్మకం లేదు. మా ఆవిడ ఏడ్చింది, తిట్టింది, తర్వాత, “ఇంత కడుపులో పెట్టుకుని ఆయనకి నా చేత పెసరట్లు పోయించారా?” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎల్లయ్యకి వాళ్ళ ఊళ్ళో వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ ఇచ్చారని విన్నాను. నంబరు సంపాదించి పొద్దున్నే ఫోన్ చేశాను. అతనే ఎత్తాడు.

“సార్! మంచిగున్నరా? అమ్మ, పిల్లలు మంచిగున్నరా?”

జర్మన్ తాత పోయాడని చెప్పాను. నేను రాసిన కాగితం అక్షరం వదలకుండా చదివాను. కేసు మళ్ళీ తెరుస్తారో లేదో తెలియదని, తెరిచినా తెరవకపోయినా నేను సాక్ష్యం చెబుతానని అన్నాను. “నువ్వు గీత బయటే ఉన్నావు, ఎల్లయ్యా. నేను చూశాను,” అన్నాను.

“ఎర్కే సార్.”

“ఏం ఎరుక?”

“స్లింగు తెగంగనె నేను మీ దిక్కే సూసిన. మీరు నా దిక్కే సూస్తున్నరు. సంతకం గూడ మీరే పెట్టిండ్రని ఆఫీసు పిలగాడు చెప్పె.”

ఆ చివర బూత్‌లో ఎవరో చిల్లర అడుగుతున్నారు, అతను ఇస్తున్నాడు. మళ్ళీ లైన్లోకి వచ్చేదాకా ఆగి అడిగాను. “అన్నీ తెలిసి, తాతే ముంచాడని క్యాంపంతా ఎందుకు చెప్పావు?”

“మీ పేరెట్ల జెప్త సార్? మీరు మనోళ్ళాయె,” అన్నాడు ఎల్లయ్య. “ఆయన మనోడు గాదు గద.”